డిస్కు మార్చినా కొత్త డిస్కులోనూ ఎర్రర్లే: హోమ్ సర్వర్‌లో పూల్ డిగ్రేడెడ్

#1 అటకమీదిసర్వర్

అందరికీ నమస్కారం. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్నాను. డెబియన్ లినక్స్, దాని మీద జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా, అంటే ‘పూల్’గా నడిపే ఫైల్ సిస్టమ్), 4 టీబీ డిస్కులు ఆరు, రెయిడ్-జెడ్2 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక). ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

కొన్ని వారాలుగా నాలుగో డిస్కు మాటిమాటికీ పూల్‌లోంచి జారిపోతోంది. స్టేటస్‌లో ‘ఫాల్టెడ్, టూ మెనీ ఎర్రర్స్’ అని చూపించేది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాను. రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటాని మళ్లీ కట్టే పని) సగంలో ఉండగా కొత్త డిస్కు కూడా అలాగే జారిపోయింది. నిన్నటి నుంచి ఐదో డిస్కులో కూడా రీడ్ ఎర్రర్లు కనిపిస్తున్నాయి. చివర్లో మూడు ఫైళ్ల పేర్లు ‘పర్మనెంట్ ఎర్రర్స్’ కింద వచ్చాయి. రీడ్, రైట్ గళ్లు రెండింట్లోనూ అంకెలున్నాయి, చెక్‌సమ్‌లో (చదివిన డేటా సరిపోలని లెక్క) కొద్దిగా. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో డిస్కు కొనాలా? ముందు ఏం చేయాలో చెప్పండి.

#2 రాత్రిషిఫ్ట్

ర్యామ్ చూశారా? ఈసీసీ (తప్పుల్ని తానే దిద్దుకునే ఏర్పాటు) లేని ర్యామ్ ఒక్కటి చెడితే ఏ డిస్కు మీదైనా ఎర్రర్లు వచ్చినట్టే కనిపిస్తుంది. మెమ్‌టెస్ట్86+ యూఎస్‌బీలో వేసి రాత్రంతా నడవనివ్వండి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, ర్యామ్‌ని మామూలు వేగంలోనే నడపండి. సర్వర్‌కి ఆ కాస్త వేగం వల్ల ఒరిగేదేమీ లేదు.

#3 పాతఇనుము

అటకమీదిసర్వర్ గారూ, ఇంకో డిస్కు కొనకండి. ‘జెడ్‌పూల్ క్లియర్’ (ఎర్రర్ అంకెల్ని సున్నా చేసే ఆజ్ఞ) కూడా ఇప్పుడే కొట్టకండి. ఆ అంకెలే ఇప్పుడు మన దగ్గరున్న ఆధారం. స్టేటస్ మొత్తం ఒక ఫైల్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

బ్యాకప్ లేని డేటా ఏదైనా ఉంటే, పూల్ ఇంకా చదవనిస్తున్నప్పుడే ముఖ్యమైనవి ముందుగా బయటి డిస్కుకి కాపీ చేయండి. ఫొటోలు ముందు, సినిమాలు తర్వాత. అది అయ్యేదాకా స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే పని) వద్దు, రీసిల్వర్ మళ్లీ మొదలుపెట్టొద్దు.

ఆ తర్వాత ఈ వివరాలు ఇవ్వండి. ప్రతి డిస్కుకీ స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) పట్టికలో 5, 187, 197, 198, 199 విలువలు కావాలి. వాటితోపాటు 12, 192 కూడా తప్పకుండా రాయండి, ఈ రెండింటినీ చాలామంది చూడరు. డీమెసేజ్‌లో (లినక్స్ సందేశాల లాగ్) ఎర్రర్ వచ్చిన చోట పైనా కిందా కొన్ని వరుసలు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ డిస్కు డేటా కేబుల్ ఏ పోర్టుకి వెళ్తోంది, ఏ డిస్కుకి కరెంటు ఏ వైరు నుంచి వస్తోంది అన్నది కాగితం మీద గీసి చెప్పండి. లినక్స్ డిస్కులకి ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్ముకోకండి, రీబూట్ అయితే అవి మారిపోవచ్చు. సీరియల్ నంబర్ ప్రకారం రాయండి.

#4 సున్నాఒకటి

పాతఇనుము గారితో ఒక్క చోట విభేదిస్తాను. స్క్రబ్ చేయకపోతే ఏ బ్లాకులు పాడయ్యాయో ఎలా తెలుస్తుంది? జెడ్‌ఎఫ్‌ఎస్ తనంతట తాను బాగుచేసుకునే దారి అదే కదా.

ఇంకొకటి. ఇవి డెస్క్‌టాప్ డిస్కులైతే ఎర్రర్ రికవరీ టైమ్ (చెడ్డ సెక్టార్‌ని చదవడానికి డిస్కు ఎంతసేపు ప్రయత్నిస్తుందన్నది) చూడండి. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ అడిగితే 70 అని రావాలి, అంటే 7 సెకన్లు. అది లేని డిస్కు ఒక చెడ్డ సెక్టార్ దగ్గర రెండు నిమిషాల పైన కూడా పెనుగులాడగలదు. లినక్స్ మాత్రం 30 సెకన్లే ఆగి, ఆ తర్వాత లింక్‌ని రీసెట్ చేస్తుంది. అలా మంచి డిస్కు కూడా పూల్ నుంచి బయటికి పోవచ్చు.

#5 పాతఇనుము

స్క్రబ్ మంచిదే, కానీ ఏ సమయంలో అన్నది ముఖ్యం. హార్డ్‌వేర్ సరిగ్గా ఉన్నప్పుడు స్క్రబ్ డేటాని బాగుచేస్తుంది. డిస్కులు మధ్యలో మాయమవుతున్నప్పుడు చేస్తే ఆరు డిస్కుల మీదా గంటల తరబడి బరువు వేసినట్టే. ఆయనకి ఇప్పటికే ఒక డిస్కు లేనట్టే లెక్క, ఇంకోటి ఊగుతోంది. రెయిడ్-జెడ్2 రెండు పోయినా తట్టుకుంటుంది. మూడోది కూడా జారితే పూల్ ఆగిపోతుంది, ఆ స్థితిలో బ్యాకప్ కూడా తీయలేరు. అందుకే ముందు కాపీ, తర్వాత కారణం, ఆ తర్వాతే స్క్రబ్.

ఈఆర్‌సీ మాట మంచి మాట. అది కూడా చూడమనండి.

#6 అటకమీదిసర్వర్

ఫొటోలు, కాగితాలు బయటి డిస్కుకి కాపీ చేసేశాను. ప్రాణం కొంచెం కుదుటపడింది. ఇదిగో వివరాలు.

4 టీబీ డిస్కులు ఆరూ ఒకేసారి కొని, ఒకేసారి బిగించినవి. 5, 187, 197, 198 అన్ని డిస్కుల్లోనూ సున్నా, తీసేసిన పాత నాలుగో డిస్కులో కూడా. 199 రెండో డిస్కులో 14 ఉంది, మిగతావాటిలో సున్నా. ఈఆర్‌సీ అన్నిటికీ 70 అనే ఉంది.

12వ వరుస, పవర్ సైకిల్ కౌంట్: ఒకటి, రెండు, మూడు డిస్కుల్లో 41. ఐదులో 96, ఆరులో 88. కొత్త నాలుగో డిస్కులో 9, అది పెట్టాక సర్వర్‌ని ఆపి ఆన్ చేసిందే లేదు. 192 (కరెంటు హఠాత్తుగా పోయిన లెక్క) కూడా నాలుగు, ఐదు, ఆరులోనే ఎక్కువ.

డేటా కేబుళ్లు: ఒకటి నుంచి నాలుగు దాకా మదర్‌బోర్డు పోర్టులకి, ఐదు, ఆరు విడిగా పెట్టిన సాటా కార్డుకి. కరెంటు: మొదటి మూడింటికి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి వచ్చే ఒకే తీగ మీద ఉన్న మూడు ప్లగ్గులు. రెండో తీగ మీద ఒకటే సాటా ప్లగ్గు ఉంటే దానికి ఒకటి-నుంచి-మూడు స్ప్లిటర్ తగిలించి నాలుగు, ఐదు, ఆరుకి ఇచ్చాను.

డీమెసేజ్‌లో పదే పదే ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’, దాని కింద ‘లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్, ప్లీజ్ బీ పేషెంట్’ అని వస్తోంది. ఇవి ఎక్కువగా పొద్దున్న మొదటిసారి ఏదైనా ఫైల్ తెరిచినప్పుడు వస్తున్నాయి. వాడకం లేనప్పుడు అరగంటకి డిస్కులు ఆగిపోయేలా సెట్టింగ్ ఉంది.

#7 తీగలమూట

స్ప్లిటర్. నా మట్టుకు నాకు అనుమానమే లేదు.

ఎందుకో చెప్తాను. కలిసి కొన్న ఆరు డిస్కులకి పవర్ సైకిల్ కౌంట్ ఇంచుమించు ఒకటే ఉండాలి, ఎందుకంటే సర్వర్ ఆన్ అయితే ఆరూ ఆన్ అవుతాయి, ఆగితే ఆరూ ఆగుతాయి. డిస్కు తిరగడం ఆపి నిద్రపోయి మళ్లీ లేచినంత మాత్రాన ఆ అంకె పెరగదు, దానికి లెక్క వేరే వరుసలో ఉంటుంది. మీవాటిలో మూడు 41 దగ్గరే ఉంటే ఐదు, ఆరు రెట్టింపు దాటిపోయాయి. అంటే సర్వర్ నడుస్తుండగానే ఆ డిస్కులకి కరెంటు పోయి మళ్లీ వస్తోంది. డీమెసేజ్ కూడా అదే చెప్తోంది. లింక్ ఆలస్యంగా జవాబివ్వడం ఎందుకంటే డిస్కు ఆ సమయంలో మొదటి నుంచి మళ్లీ తిరగడం మొదలుపెడుతోంది.

ఇప్పుడు డేటా దారి చూడండి. నాలుగో డిస్కు మదర్‌బోర్డు మీద, ఐదోది కార్డు మీద. కార్డు చెడితే నాలుగోదానికి ఏమీ కాకూడదు, మదర్‌బోర్డు కంట్రోలర్ చెడితే ఐదోదానికి ఏమీ కాకూడదు. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ స్ప్లిటరే. ఆరోది కూడా దాని మీదే ఉంది కాబట్టి పూల్‌లో ఇంకా ఎర్రర్ చూపించకపోయినా దాని అంకె కూడా పెరిగింది.

లెక్క చూస్తే ఇంకా తేటపడుతుంది. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. మూడు డిస్కులు ఒకేసారి లేస్తే 6 ఆంపియర్లు, 72 వాట్లు, అదీ ఒక్క ప్లగ్గులోంచి. తిరుగుతున్నప్పుడు అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు కాబట్టి రోజంతా బాగానే నడుస్తుంది. పొద్దున్న అన్నీ ఒకేసారి లేచినప్పుడే వోల్టేజీ పడిపోతుంది.

#8 రాత్రిషిఫ్ట్

ఒప్పుకుంటున్నాను, ఇది ర్యామ్‌లా లేదు. ర్యామ్ చెడితే మామూలుగా చెక్‌సమ్ గడి ఒక్కటే పెరుగుతుంది, అదీ సంబంధం లేని డిస్కుల మీద దాదాపు సమానంగా. లింక్ రీసెట్‌లు రావు. అయినా ఎప్పుడో ఒక రాత్రి మెమ్‌టెస్ట్ వేయండి, పోయేదేమీ లేదు.

#9 మౌనపాఠకుడు

రెండో డిస్కులో 199 దగ్గర 14 ఉంది కదా, దాన్ని వదిలేయొచ్చా?

#10 తీగలమూట

199 అంటే డేటా కేబుల్‌లో వచ్చిన సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క. అది జీవితాంతం అలాగే ఉంటుంది, కేబుల్ మార్చినా సున్నాకి రాదు. అంకె ఎంత అన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నది చూడాలి. ఈరోజు 14 అని రాసిపెట్టుకుని కొన్నాళ్ల తర్వాత చూడండి. 15 అయితే కేబుల్ మార్చండి. 14 దగ్గరే ఉంటే ఎప్పుడో కేబుల్ వదులైన గుర్తు, అంతే.

5, 197, 198 మాత్రం వేరే సంగతి. అవి డిస్కు పళ్లెం మీది దెబ్బలు. 197 సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే అప్పుడు నిజంగానే డిస్కు మార్చాలి.

#11 పాతఇనుము

ఇక్కడ ఇంకో పెద్ద సంగతి ఉంది, ఇది అందరూ చూసుకోవాలని నా కోరిక. రెయిడ్-జెడ్2 కట్టింది రెండు డిస్కులు పోయినా బతకాలని. కానీ మూడు డిస్కులు ఒకే స్ప్లిటర్ మీద ఉంటే, ఆ ఒక్క ప్లాస్టిక్ ముక్క పోతే మూడూ ఒకేసారి పోతాయి. ప్యారిటీని (పోయిన డిస్కుల డేటాని తిరిగి కట్టే అదనపు సమాచారం) డిస్కుల లెక్కన ప్లాన్ చేసి, కరెంటు తీగల్ని దొరికినట్టు కలుపుకుంటే ఆ ప్యారిటీ పేరుకే మిగులుతుంది. ఒక స్ప్లిటర్ మీద రెండుకి మించి ఉండకూడదు. ఎస్‌ఎంపీఎస్‌కి నేరుగా వెళ్లే తీగ స్ప్లిటర్ కన్నా ఎంతో నయం, కానీ అక్కడా ఒకే తీగకి ఎన్ని ఇచ్చారో చూసుకోవాలి. సాటా కార్డులకీ ఇదే వర్తిస్తుంది. నాలుగు డిస్కులు ఒకే కార్డు మీద ఉంటే కార్డు పోయిన రోజు నాలుగూ కనిపించవు.

అటకమీదిసర్వర్ గారూ, మీ ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ (తీగలు ఊడదీసి మార్చుకోగల) రకమా? అయితే దానికి ఖాళీ సాకెట్ ఉండొచ్చు, అదే మోడల్‌కి సరిపోయే సాటా తీగ తెప్పించండి. ఒక్క హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: ఇంకో ఎస్‌ఎంపీఎస్ తీగ సాకెట్‌లో సరిగ్గా కూర్చున్నంత మాత్రాన వాడకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకి ఉమ్మడి ప్రమాణం లేదు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే డిస్కులు అన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి.

#12 సున్నాఒకటి

స్ప్లిటరే కావాల్సి వస్తే మోలెక్స్ నుంచి సాటాకి వెళ్లేది తీసుకోవచ్చు, మోలెక్స్ పిన్ను ఎక్కువ కరెంటు మోస్తుంది. కానీ కనెక్టర్ వెనకాల వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు ఉండే రకం వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి దగ్గరగా జరిగి షార్ట్ అయి కాలిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక్కో వైరు విడిగా కనిపిస్తూ, పిన్నుకి నొక్కి బిగించిన రకం తీసుకోండి.

#13 ఎనిమిదిబేలు

ఈ థ్రెడ్ చదివి నా సమస్య కూడా అడగాలనిపించింది. నాది వేరే రకం. ఎనిమిది డిస్కులు, అన్నీ ఒక పాత హెచ్‌బీఏ కార్డు (చాలా డిస్కుల్ని కలిపే కార్డు) మీద, ఐటీ మోడ్‌లో (రెయిడ్ లేకుండా డిస్కుల్ని నేరుగా చూపించే రీతి). పెద్ద కాపీ పెట్టినప్పుడు ఒక్కోసారి ఎనిమిదీ ఒకేసారి మాయమై పూల్ సస్పెండ్ అవుతుంది. రీబూట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. పవర్ సైకిల్ కౌంట్ మాత్రం అన్నిటికీ సమానం, పెరగడం లేదు.

#14 తీగలమూట

ఎనిమిదీ ఒకేసారి పోతున్నాయి, కరెంటు మాత్రం పోవడం లేదు. అప్పుడు ఉమ్మడిగా మిగిలేది కార్డే. ముట్టుకుని చూడండి, హీట్‌సింక్ మీద వేలు నిలవకపోతే అదే కారణం. ఆ కార్డులు సర్వర్ ర్యాక్‌లో బలమైన ఫ్యాన్ గాలి ఎప్పుడూ వీస్తూ ఉంటుందనే లెక్కతో తయారైనవి. ఇంటి క్యాబినెట్‌లో, గ్రాఫిక్స్ కార్డు పక్కన, గాలాడని చోట పెడితే ఉడికిపోతాయి. హీట్‌సింక్ మీదికి చిన్న 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ బిగించండి. పాత కార్డు అయితే కింద పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది కూడా మార్చండి.

#15 ఎనిమిదిబేలు

వేలు పెట్టి తీసేశాను, అంత వేడి. ఫ్యాన్ తెప్పిస్తున్నాను.

#16 అటకమీదిసర్వర్

మాడ్యులర్ రకమే. తయారీదారు దగ్గరి నుంచే అదే మోడల్ సాటా తీగలు రెండు తెప్పించాను. సర్వర్ ఆపి స్ప్లిటర్ తీశాను. ఒక కనెక్టర్ మూల గోధుమ రంగుకి తిరిగి ఉంది! చూడగానే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు ఆరు డిస్కులూ స్ప్లిటర్ లేకుండా ఎస్‌ఎంపీఎస్ తీగల మీదే ఉన్నాయి, రెండేసి చొప్పున మూడు తీగలు.

కానీ కొత్త చిక్కు. కొత్త నాలుగో డిస్కు అసలు తిరగడమే లేదు. బయాస్‌లో కూడా కనిపించడం లేదు. అదే డిస్కు స్ప్లిటర్ మీద తిరిగింది. కాలిపోయిందా? అది ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టె విప్పి తీసిన 8 టీబీ డిస్కు.

#17 పాతఇనుము

కాలిపోలేదు, కంగారు పడకండి. పెట్టె విప్పి తీసింది అన్నారు కదా, కారణం అక్కడే ఉంది. సాటా 3.3 ప్రమాణంలో పవర్ ప్లగ్గు మూడో పిన్నుకి కొత్త పని ఇచ్చారు. ఆ పిన్ను మీద 3.3 వోల్టులు వస్తే డిస్కు ఆగిపోవాలి. డేటాసెంటర్లలో మొండికేసిన డిస్కుని దూరం నుంచే ఆపి ఆన్ చేయడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ కొత్త తీగలో 3.3 వోల్టుల వైరు ఉంది కాబట్టి డిస్కు ‘ఆగు’ అని ఆజ్ఞ వచ్చిందనుకుని లేవడం లేదు. మీ పాత స్ప్లిటర్‌లో నాలుగే వైర్లు ఉండి ఉంటాయి, నారింజ రంగు వైరు ఉండదు. చూసి చెప్పండి.

పరిష్కారం: డిస్కు పవర్ కనెక్టర్‌లో మూడో పిన్ను మీద సన్నని క్యాప్టన్ టేప్ (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని టేప్) ముక్క అంటించండి. ఒక్క పిన్నుకే అంటించడం కష్టమైతే మొదటి మూడూ కప్పేయొచ్చు, మామూలు హార్డ్ డిస్కులకి 3.3 వోల్టులతో పనే లేదు. మామూలు సెల్లోటేప్ వాడకండి, వేడికి జిగురు కారుతుంది.

#18 సున్నాఒకటి

ఆ 8 టీబీది ఎస్‌ఎంఆర్ (ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసే రకం) కాదు కదా? ఎస్‌ఎంఆర్ అయితే రీసిల్వర్ చాలా నెమ్మదిస్తుంది, మధ్యలో టైమౌట్లు కూడా రావచ్చు. మోడల్ నంబర్‌తో తయారీదారు పత్రంలో చూడండి.

#19 అటకమీదిసర్వర్

సీఎంఆర్ (ట్రాక్‌లు అలా పడని మామూలు రకం) అనే ఉంది. స్ప్లిటర్‌లో నిజంగానే నాలుగే వైర్లు. టేప్ అంటించాను, డిస్కు వెంటనే లేచింది. క్లియర్ కొట్టాను, రీసిల్వర్ నడుస్తోంది. ఇంతవరకు డీమెసేజ్‌లో ఒక్క రీసెట్ కూడా లేదు.

#20 మౌనపాఠకుడు

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. నా చిన్న బాక్స్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అప్పుడప్పుడు మాయమవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడే. స్మార్ట్ లాగ్‌లో స్పేర్ 100 శాతం, మీడియా ఎర్రర్లు సున్నా. ఇది కూడా కరెంటు సమస్యేనా?

#21 రాత్రిషిఫ్ట్

ఖాళీగా ఉన్నప్పుడే పోతోందంటే ఎక్కువగా పవర్ సేవింగ్ వల్ల. డ్రైవ్ లోతైన నిద్రలోకి వెళ్లి తిరిగి లేవలేకపోతోంది. కెర్నల్ పారామీటర్లలో ఎన్‌వీఎంఈ కోర్ మాడ్యూల్ డీఫాల్ట్ పీఎస్ మ్యాక్స్ లేటెన్సీ విలువని 0 చేసి బూట్ చేయండి, దాంతో ఆ నిద్ర ఆగిపోతుంది. ఫలితం ఉంటే డ్రైవ్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో వెతకండి. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడగండి, ఇక్కడ కలిసిపోతుంది.

#22 ఎనిమిదిబేలు

ఫ్యాన్ బిగించి పేస్ట్ మార్చాను. ఇదివరకు పూల్‌ని పడగొట్టిన అదే కాపీ పెట్టాను, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వెళ్లింది. తీగలమూట గారికి చాలా థాంక్స్.

#23 అటకమీదిసర్వర్

రీసిల్వర్ పూర్తయింది, తర్వాత స్క్రబ్ కూడా పూర్తయింది. ఆరు డిస్కుల్లోనూ రీడ్, రైట్, చెక్‌సమ్ సున్నా. పవర్ సైకిల్ కౌంట్ ఏ డిస్కులోనూ కదల్లేదు, రోజూ పొద్దున్నే చూస్తున్నాను. పాడైన మూడు ఫైళ్లలో రెండు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగినవి, మూడోది పిల్లల వీడియో, అది పాత బ్యాకప్‌లో దొరికింది. మూడూ తీసేసి మంచివి పెట్టాను. కానీ స్టేటస్‌లో వాటి పేర్ల చోట ఇంకా ఏవో సంఖ్యలు కనిపిస్తున్నాయి, ఎందుకు?

#24 పాతఇనుము

ఫైల్ తీసేశారు కాబట్టి పేరు పోయి ఆబ్జెక్ట్ నంబర్ మిగిలింది. జెడ్‌ఎఫ్‌ఎస్ ముందు స్క్రబ్ నాటి జాబితాని కూడా దగ్గర పెట్టుకుంటుంది. ఇంకో స్క్రబ్ పూర్తయితే పోతుంది. స్నాప్‌షాట్‌లో (పూల్ పాత స్థితిని పట్టి ఉంచిన నకలు) ఆ పాడైన ఫైల్ ఉంటే మాత్రం పోదు, ఆ స్నాప్‌షాట్ తీసేయాలి.

తీసేసిన పాత నాలుగో డిస్కుని పారేయకండి. 5, 197, 198 సున్నా అంటే అది బాగున్నట్టే. యూఎస్‌బీకి పెట్టి లాంగ్ టెస్ట్ (డిస్కు మొత్తం చదివి చూసే స్మార్ట్ పరీక్ష) నడపండి. 4 టీబీకి చాలా గంటలు పడుతుంది, మధ్యలో నిద్రపోకుండా చూసుకోండి.

#25 అటకమీదిసర్వర్

లాంగ్ టెస్ట్ ఎర్రర్ లేకుండా పూర్తయింది. రెండో స్క్రబ్ తర్వాత జాబితా ఖాళీ. ఆ డిస్కుని పూల్‌కి బయట, ఫొటోల రెండో కాపీకి వాడుకుంటున్నాను. స్మార్ట్‌డీకి (స్మార్ట్ అంకెల్ని గమనించే ప్రోగ్రామ్) ఈమెయిల్ పెట్టాను, దానికి తోడు 12వ వరుస అంకెలు రోజూ ఒక ఫైల్‌లోకి రాసి, సర్వర్ రీబూట్ కాకుండా ఏదైనా అంకె పెరిగితే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ కూడా రాశాను. కావాలన్నవాళ్లు అడగండి, ఇక్కడే పెడతాను.

#26 మౌనపాఠకుడు

పెట్టండి సార్, నాకు కావాలి.